బెంగళూరు చెరువులో పొరలు: పగలు పేరుకుని రాత్రి కలిసిపోయే నీళ్ళ సంగతి

మీరు అడిగినవి రెండు సంగతులు. ఏప్రిల్‌లో తొలి వాన కురిసిన మర్నాటి ఉదయం మీ అపార్టుమెంటు పక్క చెరువులో చేపలు తేలాయి, ఎవరో మందు కలిపారని వాట్సాప్ గ్రూపులో గొడవ నడుస్తోంది. మీ అమ్మాయి చదివే పుస్తకంలోనేమో సరస్సు నీళ్ళు పొరలుగా ఏర్పడతాయని, వసంతంలో ఒకసారి, ఆకురాలే కాలంలో ఒకసారి కిందివి పైకి, పైవి కిందికి కలుస్తాయని ఉంది. ఏప్రిల్ అంటే వసంతమే కదా, మన చెరువులో జరిగింది అదేనా అన్నది మీ సందేహం.

అదే కాదు గానీ దానికి దగ్గరి చుట్టమే. చలిదేశపు సరస్సు ఏడాది పొడుగునా చేసే పనిని మన చెరువు ఇరవైనాలుగు గంటల్లో ముగించేస్తుంది. నేను ఇరవై ఏడేళ్ళు నీటి పరీక్షల ల్యాబులో పనిచేసి రిటైరయ్యాను. మాది హిందూపురం, ఉద్యోగమంతా బెంగళూరులోనే. ఈ తేడా అర్థం కావడానికి నాకే చాలా ఏళ్ళు పట్టింది కాబట్టి కాస్త తీరిగ్గా చెబుతాను.

మా చిన్నప్పుడు కాగులో కాగిన నీళ్ళు చెంబుతో తీసి చన్నీళ్ళ బకెట్లో పోసుకునేవాళ్ళం. నెమ్మదిగా పోసి కలపకుండా వేలు పెడితే చురుక్కుమనేది. మోచేతి దాకా ముంచితే వేళ్ళకు చన్నీళ్ళే తగిలేవి. వేడి నీరు తేలిక, అది పైనే ఉంటుంది, కలపడానికి ఒక చెయ్యి కావాలి. మీ ఇంట్లో గీజరు నడిచేదీ ఈ ధైర్యంతోనే. చన్నీళ్ళు అడుగున చేరతాయి, వేణ్ణీళ్ళు పైనుంచి బయటికి వస్తాయి. అవి లోపల వాటంతటవి కలిసిపోయేవే అయితే మీకు రెండో చెంబు నుంచే గోరువెచ్చని నీళ్ళు వచ్చేవి. చెరువు విషయంలో కలిపే చెయ్యి ఏది, అది ఎప్పుడు పనిచేస్తుంది, ఎప్పుడు చేతకాక ఊరుకుంటుంది అన్నదే అసలు ప్రశ్న.

నీరు 4 డిగ్రీల సెల్సియస్ దగ్గర అన్నిటికంటే బరువుగా ఉంటుందని, అంతకంటే చల్లబడితే మళ్ళీ తేలికపడుతుందని, అందుకే మంచుగడ్డ తేలుతుందని అన్ని పుస్తకాలూ చెబుతాయి. మనకు కావలసిన సంగతి ఇంకొకటి ఉంది, అది మాత్రం చాలా పుస్తకాల్లో కనిపించదు. నీరు వేడెక్కేకొద్దీ ఒక్కో డిగ్రీకి అది తేలికపడే మోతాదు పెరుగుతూ పోతుంది. మీ మేడమీది వెయ్యి లీటర్ల ట్యాంకునే తీసుకోండి. 4 డిగ్రీల వెయ్యి లీటర్లకూ 5 డిగ్రీల వెయ్యి లీటర్లకూ బరువులో తేడా 8 గ్రాములు. 29 డిగ్రీల వెయ్యి లీటర్లకూ 30 డిగ్రీల వెయ్యి లీటర్లకూ తేడా దాదాపు 300 గ్రాములు. 4 నుంచి 10 దాకా ఆరు డిగ్రీలు వేడెక్కించినా తగ్గేది దాదాపు 270 గ్రాములే. చలి నీళ్ళలో ఆరు డిగ్రీలు చేయలేని పనిని మన ఎండాకాలపు నీళ్ళలో ఒక్క డిగ్రీ చేసేస్తుందన్నమాట. 'పైన 30, కింద 28, రెండు డిగ్రీలే కదా, పొరలెక్కడున్నాయి' అని కొట్టిపారేసేవాళ్ళను ల్యాబులో చాలామందిని చూశాను. మొదటి అయిదారేళ్ళు నేనూ ఆ గుంపులోదాన్నే.

పుస్తకంలోని సరస్సు సంగతి త్వరగా ముగిస్తాను. శీతాకాలంలో పైన మంచుగడ్డ, దాని కింద 0 డిగ్రీలకు దగ్గరి నీరు, అడుగున 4 డిగ్రీల నీరు. వసంతంలో మంచు కరిగి పై నీరు కూడా 4కు చేరగానే పైనుంచి అడుగుదాకా ఒకే బరువు. ఒక మోస్తరు గాలి వీచినా మొత్తం కలిసిపోతుంది. వేసవిలో పైన వెచ్చని పొర, అడుగున చల్లని పొర, రెంటి నడుమ కొద్ది మీటర్లలోనే ఉష్ణోగ్రత గబగబా పడిపోయే పొర. వీటికి ఎపిలిమ్నియన్, హైపోలిమ్నియన్, థెర్మోక్లైన్ అని పేర్లున్నాయి, మీ అమ్మాయికి పరీక్షలో పనికొస్తాయి. మళ్ళీ చలి మొదలై పై నీరు చల్లబడ్డాక రెండో కలయిక. మన దేశంలో నైనిటాల్ సరస్సు కొంచెం వేరు. లోతు 27 మీటర్ల దాకా ఉంది, కానీ గడ్డకట్టదు. అందుకని ఏడాదికి ఒక్కసారే, చలికాలంలో, పూర్తిగా కలుస్తుంది. మిగతా నెలల్లో అడుగు నీటికి గాలి అందక చెడిపోతోందని 2007 నుంచి గొట్టాలు వేసి అడుక్కి గాలి పంపుతున్నారు.

మన బెంగళూరు చెరువులు ఈ రెండు జాతుల్లోనూ పడవు. ఇవి ఎవరో తవ్విన లోతైన సరస్సులు కావు, పల్లానికి అడ్డంగా కట్ట వేసి వాన నీటిని ఆపిన చోట్లు. 1882లో కట్టిన శాంకీ చెరువైనా, అంతకు ఎన్నో తరాల ముందటి బెళ్ళందూరు చెరువైనా పద్ధతి అదే. పూడిక పేరుకున్నాక చాలావాటిలో నీటి లోతు రెండు మూడు మీటర్లకు మించదు. ఊరేమో సముద్రమట్టానికి 900 మీటర్లకు పైన ఉంది. పగలు ఎండ పదమూడో అక్షాంశపు ఎండ, రాత్రి చలి కొండమీది చలి. ఈ రెండూ కలిసే మన చెరువులను ఆడిస్తాయి. చెన్నైలో మా చెల్లెలింటికి వెళ్ళినప్పుడల్లా చూస్తాను, ఆ ఉక్కపోత రాత్రుల్లో ఏ నీళ్ళూ ఇక్కడిలా చల్లబడవు.

పగలు జరిగేది ఇది. నీరు తేటగా ఉంటే ఎండ కొంత లోతుకు దిగుతుంది. పాచితో పచ్చబడిన నీటిలో మొదటి అర మీటరులోనే చాలావరకు ఆగిపోతుంది. అందువల్ల నీరు ఎంత పచ్చగా ఉంటే పై పొర అంత పలుచగా, అంత వేడిగా తయారవుతుంది. నీటి తేటదనం కొలవడానికి 1865లో ఇటలీకి చెందిన ఆంజెలో సెక్కి అనే మతాచార్యుడు, ఖగోళ శాస్త్రవేత్త కూడా ఆయన, ఒక గుండ్రని పళ్ళేన్ని తాడుకు కట్టి సముద్రంలోకి దింపి ఎంత లోతులో కనిపించకుండా పోతుందో చూశాడు. నూటయాభై ఏళ్ళు దాటినా ఇంతకంటే చవకైన పరికరం రాలేదు. ఇప్పుడు చెరువుల్లో వాడేది 20 సెంటీమీటర్ల నలుపు తెలుపు పళ్ళెం. మురుగు చేరే చెరువుల్లో అది జానెడు లోతుకే మాయమవడం నేను లెక్కలేనన్నిసార్లు చూశాను.

సాయంత్రం నుంచి ఆట మారుతుంది. చెరువు వేడిని ఆకాశంలోకి వదులుతుంది, ఆవిరి కూడా పోతూ ఉంటుంది. కుండలో నీళ్ళను చల్లబరిచే కిటుకే ఇక్కడా పనిచేస్తుంది. ఒక చదరపు మీటరు చెరువు మీదినుంచి ఒక్క లీటరు నీరు ఆవిరైతే, దాని కింద మీటరు లోతు నీరంతా అర డిగ్రీకి పైగా చల్లబడుతుంది. చల్లబడ్డ పై నీరు బరువెక్కి కిందికి జారుతుంది, దాని చోటికి కింది వెచ్చని నీరు వస్తుంది, అదీ చల్లబడి జారుతుంది. గాలి అక్కర్లేకుండానే చెరువు తనను తాను చిలుక్కుంటుంది. తెల్లవారేసరికి పైనా కిందా దాదాపు ఒకటే వేడి.

నగరం ఆగ్నేయ దిక్కున ఒక చెరువులో పుట్టి వేసుకుని ఒక ఏప్రిల్ మధ్యాహ్నం నేను స్వయంగా కొలిచిన సంగతి చెబుతాను. మూడు గంటలవేళ, గాలి లేదు, నీటిమీద పాచి పసుపుపచ్చ రంగులో తెట్టు కట్టి ఉంది. పైన 31 డిగ్రీలు. ఒక మీటరు కింద 28. రెండున్నర మీటర్ల దగ్గర, అడుగు బురదకు కాస్త ఎగువన, 26. సీసా పైకి తీసి బిరడా ఊడదీస్తే కుళ్ళిన కోడిగుడ్డు వాసన. మర్నాడు తెల్లవారుజామున అయిదున్నరకు అదే చోట పైన 27, అడుగున 26న్నర. పుట్టి నడిపిన పెద్దాయనది కోలారు వైపు, మాతో తెలుగే మాట్లాడేవాడు. నా థర్మామీటరు తంతు రెండు రోజులు ఓపిగ్గా చూసి, "దీనికింత యంత్రం ఎందుకమ్మా? పొద్దున వల తియ్యడానికి దిగితే కాళ్ళకూ ఛాతీకీ ఒకే చలి. మధ్యాహ్నం దిగితే కాళ్ళు ఇంకో చెరువులో ఉన్నట్టుంటుంది" అన్నాడు. ఆయన చెప్పినదాంట్లో నేను సరిదిద్దవలసిన అక్షరం లేదు.

ఇక చేపల విషయానికి వద్దాం. పొరలతో చేపలకు వేడివల్ల ఇబ్బంది రాదు, ఊపిరివల్ల వస్తుంది. ఈ ఎత్తులో 25 డిగ్రీల నీరు గాలినుంచి లీటరుకు సుమారు ఏడున్నర మిల్లీగ్రాముల ఆక్సిజన్ మాత్రమే పట్టగలదు. కదలని నీటిలో ఆ ఆక్సిజన్ తనంతట తాను ఒక మీటరు కిందికి పాకాలంటే ఏళ్ళు పడుతుంది. గంటలు కాదు, రోజులు కాదు, ఏళ్ళు. కాబట్టి అడుగు నీటికి ఆక్సిజన్ అందేది నీళ్ళు కలిసినప్పుడే. పగలు పై పొరలో పాచి ఎండలో ఆక్సిజన్‌ను తయారుచేసి నీటిని నింపేస్తుంది, ఒక్కోసారి పట్టవలసినదానికి రెట్టింపు దాకా. అదే సమయంలో అడుగున మురుగు, చచ్చిన పాచి, కుళ్ళిన గుర్రపుడెక్క ఉన్న ఆక్సిజన్‌ను తినేసి, అది అయిపోయాక హైడ్రోజన్ సల్ఫైడ్‌నూ అమోనియానూ వదులుతూ ఉంటాయి. రాత్రి రెండూ కలుస్తాయి. పై నీటి ఆక్సిజన్‌లో కొంత అడుగు నీటి బాకీ తీర్చడానికి పోతుంది. పైగా చీకట్లో పాచి కూడా ఆక్సిజన్‌ను తీసుకునేదే, ఇచ్చేది కాదు. తెల్లవారుజామున నాలుగు నుంచి ఆరు మధ్య చెరువు ఖజానా దాదాపు ఖాళీ. మామూలు రోజుల్లో అది సరిగ్గా సూర్యోదయం దాకా లాక్కొస్తుంది, చేపలు పైకొచ్చి నోళ్ళు తెరిచి గుటకలు వేస్తూ బతికి బయటపడతాయి.

మార్చి, ఏప్రిల్ నెలల్లో ఎండ తీవ్రం, నీటిమట్టం తక్కువ. రాత్రులు కూడా వెచ్చబడతాయి కాబట్టి కొన్ని రోజులపాటు వరసగా అడుగుదాకా కలయిక జరగకపోవచ్చు. బాకీ పేరుకుంటుంది. అప్పుడొక సాయంత్రం మబ్బు పడుతుంది. ఎండ లేక పాచి ఆ పూట ఆక్సిజన్ చేయదు. ఈదురుగాలి కొడుతుంది, చల్లని వాన పై నీటిని ఒక్కసారిగా బరువెక్కిస్తుంది, రోజుల తరబడి మూతపెట్టినట్టున్న అడుగు నీరు గంటలోపే పైకి కలిసిపోతుంది. దీనికి తోడు రాజకాలువలో, అంటే చెరువులోకి వాన నీటిని తెచ్చే పెద్ద కాలువలో, నెలల తరబడి ఎండుతున్న మురుగునంతా ఆ వానే కడిగి తెచ్చి పోస్తుంది. ఆ నీరు చల్లనిది, మట్టితో బరువైనది కాబట్టి తరచుగా పై నీటితో కలవకుండా అడుగునే జారుకుంటూ చెరువు మధ్యదాకా వెళ్ళిపోతుంది, అక్కడి బురదను లేపుతుంది. ఇవన్నీ ఒక్క రాత్రిలో జరిగితే ఆరింటికి మీరు బాల్కనీలోంచి చూసేది మీరు చూసిందే. 2016 మార్చిలో అలసూరు చెరువులో వేల చేపలు చచ్చినప్పుడు కూడా ప్రధానంగా వినిపించిన మాటలు మురుగు, ఆక్సిజన్ లేమి. అయినా ఒక్కో చెరువులో ఏ కారణం పాలు ఎంతన్నది కొలవకుండా తేల్చేది కాదు.

మందు కలిపారన్న అనుమానం పూర్తిగా కొట్టిపారేయను, అలాంటివీ చూశాను. తేడా పట్టడానికి కొన్ని గుర్తులున్నాయి. ఊపిరాడక చచ్చినవైతే సాధారణంగా ముందు పోయేవి పెద్ద చేపలు, బొచ్చె, శీలావతి లాంటివి. నోళ్ళు తెరుచుకుని, మొప్పలు విచ్చుకుని ఉంటాయి. కొర్రమీను మాత్రం బతికి తిరుగుతుంది, ఎందుకంటే అది పైకొచ్చి గాలి నేరుగా పీల్చగలదు. చావు తెల్లవారుజామున మొదలై ఎండ ఎక్కేకొద్దీ తగ్గుతుంది. విషమైతే చిన్నా పెద్దా అని చూడదు, పగలూ రాత్రీ అని చూడదు, కొర్రమీనును కూడా వదలదు. మీరు పెట్టిన ఫొటోల్లో పెద్ద బొచ్చెలే కనిపిస్తున్నాయి, తేలింది తెల్లవారాక చూశామని రాశారు, గుంపులో ఇంకొకరు కొర్రమీనులు బతికే ఉన్నాయన్నారు. నా మొగ్గు ఎటో మీకు తెలిసే ఉంటుంది. అయినా మళ్ళీ ఇలా జరిగితే అప్పుడే చచ్చిన చేపను, ఒక సీసాడు నీటిని ఐసులో పెట్టి అదే రోజు పరీక్షకు ఇవ్వండి. మర్నాడు ఇస్తే ఎవరూ ఏమీ చెప్పలేరు.

ఏడాది మొత్తంలో చూస్తే డిసెంబరు, జనవరి నెలల్లో మన చెరువులు దాదాపు ప్రతి రాత్రీ అడుగుదాకా కలుస్తాయి, పగటి పొర కూడా బలహీనంగానే ఉంటుంది. జూన్ నుంచి పడమటి గాలులు మొదలయ్యాక పొర నిలవడమే కష్టం, నీరు మట్టిరంగులో కలగాపులగంగా ఉంటుంది. సెప్టెంబరు, అక్టోబరుల్లో పెద్ద వానలకు అలుగు పారితే పాత నీరే చాలావరకు వెళ్ళిపోతుంది. ప్రమాదమంతా ఫిబ్రవరి చివరినుంచి మే దాకానే. పెద్ద చెరువుల్లో గాలికి పరిగెత్తే జాగా ఉంది కాబట్టి అవి కాస్త మేలు. చుట్టూ పద్నాలుగు అంతస్తులు లేచిన చిన్న చెరువులకు గాలి అందదు. గుర్రపుడెక్క కప్పేసిన చెరువుకు అసలే అందదు.

ఒక్క విషయం దగ్గర కొంచెంసేపు ఆగాలి, ఎందుకంటే చెరువుల పునరుద్ధరణ పేరుతో ఖర్చయ్యే డబ్బు చాలావరకు ఇక్కడే దారి తప్పుతోంది. బురదలో ఇనుముతో అంటుకుని ఉన్న భాస్వరం, ఆక్సిజన్ లేని నీరు తగిలితే విడిపోయి నీటిలోకి వస్తుంది. పాచికి అదే ఎరువు. లోతైన సరస్సులో ఆ ఎరువు నెలల తరబడి అడుగునే బందీగా ఉంటుంది. మన చెరువులో పగలు విడుదలవుతుంది, రాత్రి కలయికతో పైకి చేరుతుంది, తెల్లవారితే పాచికి ఫలహారం సిద్ధం. అందుకే మురుగు కాలువను మళ్ళించాక కూడా రెండు మూడేళ్ళు నీరు పచ్చగానే ఉండి 'ఇంత చేసినా ఏం లాభం' అనిపిస్తుంది. పూర్వం ఈ చెరువులు వేసవిలో ఎండేవి. నెర్రెలిచ్చిన అడుగుకు గాలీ ఎండా తగిలేవి, రైతులు ఒండ్రుమట్టిని బండ్లమీద పొలాలకు తోలుకునేవారు, ఎరువు చెరువులోంచి బయటికి పోయేది. ఇప్పుడు ఊరి మురుగు పుణ్యమా అని చెరువులు ఏడాది పొడుగునా నిండుగా కనిపిస్తున్నాయి. నిండుగా ఉందని జనం సంతోషిస్తారు, నాకు మాత్రం ఆ అడుగుకు ఎండ తగిలి ఎన్నేళ్ళయిందో గుర్తొస్తుంది.

మీ సంఘం ఫౌంటెన్ పెట్టించాలనుకుంటోందని రాశారు. నేను చూసిన ఒక చెరువులో సాయంత్రం ఆరు నుంచి ఎనిమిది దాకా రంగు దీపాలతో ఫౌంటెన్ వేసి, ఆ తర్వాత కరెంటు ఆపేసేవారు. సాయంత్రం ఆరింటికి పై నీటిలో ఆక్సిజన్ పొంగిపొర్లుతూ ఉంటుంది. ఫౌంటెన్ దాన్ని గాల్లోకి వదిలేయడం తప్ప చేసేదేమీ ఉండదు. అవసరం రాత్రి రెండు నుంచి ఆరు దాకా. ఆ వేళలో చూడటానికి ఎవరూ ఉండరు కాబట్టి ఆపేస్తారు. అదే చెరువులో నీటి నమూనా తీసేది కూడా పదకొండు గంటలకు, కట్టమీదినుంచి బకెట్ విసిరి, పై జానెడు నీరు. ఆ కాగితం మీద చెరువు ఎప్పుడూ ఆరోగ్యంగానే ఉండేది. డబ్బు పెట్టేట్టయితే అడుగునుంచి గాలి బుడగలు వదిలే గొట్టాలు పెట్టండి, రోజూ అర్ధరాత్రి నుంచి నడపండి, ఒక్కరోజూ ఆపవద్దు. వారం ఆపి హఠాత్తుగా మొదలుపెడితే వాన చేసిన పనే మీరు చేసినవారవుతారు.

అంతకంటే ముందు కొలవండి, అదేమంత ఖర్చు కాదు. బలమైన గాజు సీసాకు కింద రాయి కట్టి, మెడకు ఒక తాడు, రబ్బరు బిరడాకు ఇంకో సన్నని దారం కట్టాలి. మూసిన సీసాను కావలసిన లోతుకు దింపి దారాన్ని గట్టిగా లాగితే బిరడా ఊడి ఆ లోతు నీరు నిండుతుంది. తాడుమీద అర మీటరుకొక ముడి వేస్తే లోతు తెలుస్తుంది. పైకి తీయగానే థర్మామీటరు ముంచి చూడండి. ఆక్సిజన్ పరీక్షకు చేపల చెరువుల వాళ్ళు వాడే చిన్న కిట్లు దొరుకుతాయి. సీసా నిండేటప్పుడు బుడగలతో కొంత గాలి కలుస్తుంది, కాబట్టి అడుగు ఆక్సిజన్ మీకు వచ్చిన అంకె కంటే కాస్త తక్కువే అనుకోవాలి. మధ్యాహ్నం మూడుకు ఒకసారి, మర్నాడు తెల్లవారుజామున అయిదున్నరకు ఒకసారి, పైనా అడుగునా. వారం రోజులు చాలు. మీ అమ్మాయి ఆ అంకెలను గ్రాఫు గీస్తే, పుస్తకంలో ఏడాదికి గీసిన బొమ్మ ఒక్క రోజులో కనిపిస్తుంది. ఒడ్డునుంచి వద్దు, లోతు దొరకదు. పుట్టివాళ్ళతో మాట్లాడుకుని, ఈత వచ్చిన పెద్దవాళ్ళు లైఫ్ జాకెట్ వేసుకుని వెళ్ళండి. ఇంకొకటి, సీసా మెడకు వేసే ముడి రెండుసార్లు చూసుకోండి. నావి ఇప్పటికే మూడు సీసాలు ఆ చెరువు అడుగున ఉన్నాయి.